అంకెల్లేని టేపు

కంబదూరు దర్జీ అబ్దుల్ గఫూర్‌కు ఒక్కటే పిచ్చి. ఎవరి కొలతా ఎవరికీ చెప్పడు. ఆ కొలత ఎవరిదో వాళ్ళకు కూడా చెప్పడు.

మా అమ్మను అక్కా అనేవాడు కాబట్టి నాకు మామ. కాలేజీలో చేరిన కొత్తలో చుడీదార్ కుట్టించుకోవడానికి పోయి, నా నడుమెంత మామా అని అడిగాను.

"అది నాకూ కత్తెరకూ మధ్య మాట పాపా. నీకెందుకు?"

టేపు మీది అంకెలన్నీ బ్లేడుతో గీకేశాడు మహానుభావుడు. వేలితో తడిమి చూసుకుని, అంతా బుర్రలో పెట్టుకునేవాడు. ఒకసారి మా వీధి బయ్యన్న, భార్యకు తెలియకుండా రవిక కుట్టిద్దామని గుడ్డ పట్టుకొచ్చాడు.

"నాగలక్ష్మమ్మ కొలత నీకు తెలుసు గదన్నా, కుట్టెయ్."

"ఆయమ్మ వచ్చి సరే అంటే కుడతా."

"ఏమప్పా, నేను ఆయమ్మ మొగుణ్ణి."

"అయితే నీ కొలతకు కుడతా, వేసుకో."

బయ్యన్న ఆ గుడ్డతో దిండు గలీబు కుట్టించుకుని పోయాడు.

ఊరంతా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. కానీ మా ఇంటి సంగతి వేరు. అమ్మకు బెంగుళూరులో రొమ్ము ఆపరేషన్ చేసి ఒక వైపు తీసేశారు. ఊళ్ళో అది తెలిసింది గఫూర్ మామ ఒక్కడికే. రవిక లోపల దూది మెత్త పెట్టి, పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా తేడా తెలియకుండా కుట్టిచ్చాడు. అది వేసుకున్నాకే అమ్మ మళ్ళీ గడప దాటింది. నలుగురికీ తెలిసి జాలిగా చూస్తే మాత్రం ఇంక బయటికి రానని అనేది.

రెండు వేల రెండులో బళ్ళారి నుంచి రెడీమేడ్ రవికల కంపెనీ మనిషి దిగాడు, కిరణ్ అని. ఊళ్ళో ఆడవాళ్ళ పేర్లూ కొలతలూ ఇస్తే కొత్త మోటారు మిషను ఇస్తామన్నాడు. రేపటి వ్యాపారమంతా ఇట్లే ఉంటుందని మామకు నచ్చజెప్పాడు.

ఆ కబురు విని అమ్మ మంచమెక్కింది.

"తొక్కీ తొక్కీ ఆయప్ప కాళ్ళు వాచిపోయినాయి. ఆ మిషను మీద ఎంత ఆశ ఉండాదో నాకు తెలుసు. నా కొలతలు చూస్తే ఎవరికైనా తెలిసిపోతాది లహరీ."

నేను పరుగున పోయేసరికి కిరణ్ చంకలో పొట్లంతో అంగట్లోంచి బయటికి వస్తున్నాడు.

"ఇచ్చేసినావా మామా?"

"పేర్లు ఇయ్యలేదు. ఊరందరి సగటు ఇదే అని ఒక రవిక ఇచ్చి పంపిచ్చినా."

"ఎవరి కొలతది?"

"నాది."

"మరి మిషను?"

"వద్దన్నా. ఉత్త సగటుకు మిషనేంది?"

అక్కడే బల్ల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. అమ్మ బతికిపోయింది. అయినా మనసు ఊరుకోక అడిగాను. "అమ్మది ఒక్కటి దాచి, తక్కినవి ఇచ్చుంటే మిషను వచ్చేది గదా మామా?"

మామ సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు. "అక్కది ఒక్కటే దాచితే, అదే ఎందుకు దాచినాడని ఊరంతా మీ ఇంటి తట్టు చూస్తాది. అందరివీ దాచితే నేను పిచ్చోణ్ణి. అంతే గదా."

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ బెంగుళూరు నుంచి రాకముందు ఈ మామే కొలతలు బస్టాండు దాకా వినపడేట్టు అరిచేవాడు. టేపు గీకింది ఆమె వచ్చిన తర్వాతే.

ఇంటికి పోయి అంతా చెప్పాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. తర్వాత లేచి కొప్పు ముడేసుకుంది.

"ఆ కంపెనీ రవికలు వచ్చినంక ఒకటి కొని నా తమ్ముడికి పెడదాం లహరీ. పాపం, ఈ ఊర్లో ఇంకెవరికి పడతాయి అవి?"