మా కార్డులో మైసూరు పాప

మా పాప నరసరావుపేటలో పదకొండు కిలోలు తూగిన రోజు, పాపా నేనూ మైసూరులో ఉన్నాం.

మా ఆయనా నేనూ ఇద్దరమూ ఇంటి నుంచే పని చేస్తాం. ఆయనది సాఫ్ట్‌వేర్. నాది మెడికల్ కోడింగ్, అంటే ఎన్నడూ చూడని రోగుల చీటీలు చదివి ఒక్కో జబ్బుకూ దాని అంకె వేయడం. ల్యాప్‌టాప్ ఎక్కడుంటే ఆఫీసు అక్కడే కదా అని, మాలాంటి వాళ్ళు నెల రోజులకు ఇళ్ళు మార్చుకునే వెబ్‌సైటు ఒకటి ఆయన పట్టుకొచ్చారు. అద్దె ఉండదు. వాళ్ళింట్లో మనం, మనింట్లో వాళ్ళు. నరసరావుపేటకు ఎవరొస్తారులే అనుకున్నాను. మైసూరు నుంచి ఒక జంట వస్తామన్నారు. అతనికి పాత కోటలంటే ఇష్టమట, కొండవీడు ఎక్కాలట. వాళ్ళకూ మా పాప ఈడు పాపే ఉందని తెలిశాక నేనూ సరేనన్నాను. పిల్ల తిరిగే ఇల్లయితే నా పిల్లకూ భయం ఉండదనిపించింది.

ఈపూరులో ఉండే మా అత్తగారు మాత్రం ఫోన్‌లోనే ఒంటికాలి మీద లేచారు.

"ముక్కూ మొగం తెలవనోళ్ళ చేతిలో తాళంచెవి పెట్టి పోతారా? పోతే పొండి. పిల్ల అసలే ఎనిమిది కిలోలుంది. నీళ్ళు మారితే ఆ కాస్తా కరిగిపోద్ది. అప్పుడు నన్ననమాకండి."

ఎనిమిది కిలోలు. ఇరవై నెలల పిల్లకు అది తక్కువ. అంగన్‌వాడీలో ఇచ్చిన బరువుల కార్డు మీద పచ్చ, పసుపు, ఎరుపు పట్టీలుంటాయి, తూచినప్పుడల్లా బరువుకు తగ్గ పట్టీలో చుక్క పెడతారు. మా పాప చుక్క ఆరు నెలలుగా పసుపులోనే ఉంది. నేను డిగ్రీ చదివాను, పిల్లల తిండి గురించి ఫోన్‌లో దొరికిందల్లా చదివాను, అయినా ఆ చుక్కను పైకి జరపలేకపోయాను. ఊరు మారితే తింటుందేమో అన్నది ఒక ఆశ. ఊరు మారితే ఉన్నది కూడా తగ్గుతుందేమో అన్నది భయం. ఏది ఎక్కువో తేల్చుకోకుండానే సంచులు సర్దాను. కార్డు మాత్రం హాల్లో మేకుకు వేలాడుతూ మిగిలిపోయింది.

మైసూరు ఇల్లు మా ఇంటికంటే బాగుంది. కానీ వారం దాకా నా చెయ్యి స్విచ్చు లేని చోట దానికోసం గోడ తడిమేది. వాళ్ళ డబ్బాల్లో ఏది కందిపప్పో ఏది శనగపప్పో మూత తీస్తే తప్ప తెలిసేది కాదు. మా పాప వాళ్ళ పాప కుర్చీలో కూర్చుని, వాళ్ళ పాప గిన్నెలో తినేది. కొన్ని రోజులు గిన్నె నాకేసేది. కొన్ని రోజులు ముద్ద మింగకుండా బుగ్గన పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉండేది. ఎందుకు తిన్నదో, ఎందుకు తినలేదో నాకు ఒక్క రోజూ అంతు పట్టలేదు.

మూడో వారంలో, మధ్యాహ్నం పని మధ్యలో ఫోన్ మోగింది.

"అమ్మా, నేను అంగన్‌వాడీ టీచర్ని. వెల్దుర్తి నుంచి కొత్తగా వచ్చా. పొద్దున మీ ఇంటికొచ్చి పాపను తూశా గదా, నేను చెప్పింది నీకు అర్థమైనట్టు లేదు, నవ్వుతానే ఉన్నావు. అందుకని ఫోన్ చేశా. పాప పచ్చలోకి వచ్చిందమ్మా! పదకొండు కిలోలు!"

పాప నా కాళ్ళ దగ్గర చెంచాతో నేలను కొడుతోంది.

"ఏ పాపండీ?" అన్నాను.

"ఏ పాపేంది, మీ పాపే! కార్డు నువ్వే గదా తీసిచ్చింది. దాని మీద నంబరుకే చేస్తన్నా. అవునూ, తెలుగు ఇంత బాగా మాట్లాడతన్నావే! పొద్దున ఒక్క ముక్క మాట్లాడలా. మూగదానివేమోనని నేను చానా బాధపడ్డా."

అప్పుడు నిజంగానే మూగదాన్నయ్యాను.

"అంతకుముందు టీచరు తూకం సరిగ్గా వేసినట్టు లేదులే. ఏం పెడతన్నావో అదే పెట్టు," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, నేను సంతోషించాను. పాపను ఎత్తుకుని చూశాను. ఎప్పటి బరువే. ఆ తర్వాతే మైసూరు పాప గుర్తొచ్చింది. వెంటనే వాళ్ళమ్మకు ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాను. ఆవిడ పాపం కంగారుపడింది. టీచరు కార్డు వైపు చూపించిందనీ, ఈ ఇంట్లో ఉన్న పిల్లలందరికీ అదే కార్డనుకున్నాననీ, తప్పయితే క్షమించమనీ రాసింది.

టీచరుకు తిరిగి ఫోన్ చేసి చెబితే అయిపోయేది. చెయ్యలేదు. పక్క గదిలోంచి పదకొండు అన్న మాట విన్న మా ఆయన, నేను మెసేజ్ రాసుకుంటుండగానే మా అత్తగారికి ఫోన్ చేసి చెప్పేశారు. ఆవిడ ఆనందం ఫోన్ దాటి నాకు వినిపించింది. పోనీ, ఊరెళ్ళాక చెబుదామనుకున్నాను. ఈలోగా నా పాప నిజంగా ఎంతుందో నాకు తెలియదు. మైసూరులో ఎక్కడైనా తూయించవచ్చు. తగ్గి ఉంటే? ఒక చోట పదకొండు, ఇంకో చోట ఏడున్నర అని తేలితే ఆ రెంటి మధ్య నేనెలా నిద్రపోవాలి? తూయించలేదు.

నెల నిండి ఇంటికొచ్చాం. మా ఇంట్లోనే స్విచ్చు కోసం నా చెయ్యి మైసూరు గోడ వైపు పోయింది. కార్డు మేకునే ఉంది. పసుపులో బారుగా నడిచిన మా పాప చుక్కలు, చివర్లో ఒక్కటి ఎగిరి పచ్చలో కూర్చుంది.

మర్నాడు పాపనెత్తుకుని అంగన్‌వాడీకి వెళ్ళాను. టీచరు కార్డు చూసింది, నన్ను చూసింది.

"ఈ పాప అమ్మేది? నువ్వెవురమ్మా, పిన్నివా?"

"నేనే అండీ అమ్మను. అప్పుడు మీరు చూసింది మా ఇంట్లో ఉన్న మైసూరు వాళ్ళను. నెల రోజులు ఇళ్ళు మార్చుకున్నాం."

"ఇళ్ళు మార్చుకోడమేంది? చీరలు మార్చుకున్నట్టా?" నోటి మీద చెయ్యేసుకుంది. "పచ్చలోకి ఒక పిల్లొచ్చిందని మా సూపర్‌వైజరుకు గూడా చెప్పానే తల్లీ!"

గౌను విప్పి పాపను తూకంలో కూర్చోబెట్టింది. ముల్లు ఊగుతున్నంతసేపూ నేను గోడ మీది బొమ్మలు చూస్తున్నాను.

"ఎనిమిదీ మూడొందలు," అంది టీచరు, దిగులుగా. "పసుపే."

తగ్గలేదు. మూడొందల గ్రాములు పెరిగింది. కానీ కార్డులో ఆ చుక్క పెట్టగానే అది పదకొండు నుంచి ధబేలుమని పడ్డట్టు కనిపించింది. పెరిగిన నెలే పడిపోయిన నెల అయింది.

మైసూరు పాప చుక్కను టీచరు కొట్టేయబోతే నేను ఆపాను. వాళ్ళమ్మ ఆ తేదీ, ఆ బరువు ఫోటో తీసి పంపమని అడిగింది. ఆ నెల వాళ్ళ పాపను తూసింది అక్కడొక్కచోటే. టీచరు ఆలోచించి దాని చుట్టూ పెన్నుతో గుండ్రంగా చుట్టి, పక్కన 'వేరే పాప' అని రాసింది.

సాయంత్రం అత్తగారికి ఫోన్ చేసి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. తిట్లకు సిద్ధపడే చేశాను.

"ఆ మైసూరోళ్ళ గోల నాకెందుకే. మన పిల్ల పెరిగిందా లేదా? అది చెప్పు ముందు."

"పెరిగింది అత్తయ్యా. మూడొందలు."

"మళ్ళా ఎప్పుడు పోతన్నారు?" అన్నారు.

పెరిగింది ఆ ఊరి వల్లో, ఆ కుర్చీ వల్లో, ఎక్కడున్నా పెరిగేదో నాకు తెలియదు. మైసూరు వెళ్ళేముందు తూసినప్పుడు గౌను విప్పారో లేదో, అదీ గుర్తు లేదు. చూద్దాం అత్తయ్యా అన్నాను. ఇప్పుడు పాప నిద్రపోతోంది. ఇది రాస్తూ రాస్తూ లేచి, కార్డును మేకు నుంచి తీసి ఊరికి తీసుకెళ్ళే సంచిలో పెట్టాను. ఏ ఊరికో ఇంకా అనుకోలేదు.