వాయవ్యంలో ఉక్కపోసిన డిస్క్

మిర్యాలగూడ బస్టాండు దగ్గర సుధకు కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. వచ్చేవాళ్లలో సగం మంది ఆమె భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, సార్ లేడా అని అడుగుతారు. సార్ లేడని, పని చేసేది తనేనని సుధ పదకొండేళ్లుగా చెబుతోంది. అయితే మళ్లీ వస్తామని వాళ్లు వెళ్లిపోతారు. ఊరంతా తిరిగి, డబ్బా ఇంకాస్త చెడిపోయాక, నిజంగానే మళ్లీ వస్తారు. మాట మీద నిలబడే మనుషులు.

ఆమెది దామరచర్ల దగ్గరి తండా. పాలిటెక్నిక్ అయ్యాక సూర్యాపేటలో ఒక షాపులో చేరితే, నాలుగేళ్లపాటు కీబోర్డులు తుడిచే ఉన్నత బాధ్యత అప్పగించారు. మిగతావాళ్లు టీకి వెళ్లినప్పుడు డబ్బాలు విప్పి చూస్తూ పని నేర్చుకుంది. వాళ్లు టీకి వెళితే చాలాసేపు రారు కాబట్టి బాగానే నేర్చుకుంది.

మొన్న మే నెలలో కోదాడ నుంచి మహేందర్ ఫోన్ చేశాడు. ఆయనది పెళ్లి వీడియోల స్టూడియో. జనవరిలో కొత్త కంప్యూటర్ తెచ్చుకున్నాడు. పక్కన అద్దం, లోపల రంగురంగుల లైట్ల ఫ్యాన్లు. పెళ్లిళ్లకు వేసే స్టేజీ కూడా దాని ముందు వెలవెలబోతుంది. చలికాలమంతా బాగానే నడిచింది. ఎండలు ముదిరాక మాత్రం మధ్యాహ్నమయ్యేసరికి వీడియోలు నత్తనడక నడిచేవి, కాసేపటికి వీడియోలు దాచే డిస్కే తెర మీద కనిపించకుండా పోయేది. ఆపేసి గంట తర్వాత వేస్తే మళ్లీ ప్రత్యక్షం.

మహేందర్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బావమరిది వైరస్ అంటే రెండు యాంటీవైరస్‌లు వేయించాడు. వాస్తు తెలిసినాయన వచ్చి, కంప్యూటర్ ఆగ్నేయ మూలన ఉందని, అగ్నిస్థానంలో పెడితే వేడెక్కక ఏం చేస్తుందని, వాయుస్థానమైన వాయవ్యానికి మార్చమన్నాడు. వాయవ్యంలో పడమటి కిటికీ ఉంది. మూడింటి నుంచి ఎండ నేరుగా అద్దం మీద పడసాగింది. కిటికీకి పరదా కట్టడం మరీ సులువైన పని కాబట్టి, మహేందర్ ఎదురుగా నీళ్ల కూలర్ పెట్టించాడు. పదిహేను రోజుల్లో స్క్రూలు తుప్పు పట్టాయి. డిస్క్ మాత్రం వేళ తప్పకుండా మాయమవుతూనే ఉంది.

అందులో సాంసన్ మాస్టారి కూతురు అరుణ పెళ్లి వీడియో ఉంది. ఫిబ్రవరిలో చర్చిలో పెళ్లయింది. ఆ రోజు మాస్టారి తల్లి బుచ్చమ్మ మైకు పట్టుకుని మనవరాలి కోసం ప్రార్థన చేసింది. ఏప్రిల్‌లో ఆమె చనిపోయింది. అప్పటి నుంచి మాస్టారు ప్రతి సోమవారం స్టూడియోకు వచ్చి, ఏమీ అనకుండా అరగంట కుర్చీలో కూర్చుని వెళ్లేవాడు. తిట్టినా బాగుండేదని మహేందర్ సుధతో అన్నాడు.

సుధ పొద్దున బస్సెక్కి పది గంటలకల్లా కోదాడలో దిగింది. ఆ పెళ్లి ఇంకెక్కడైనా కాపీ చేసి ఉందా అని అడిగింది.

"లేదండీ. కెమెరా కార్డులు వేరే పెళ్లికి వాడేశాం. ఇందులోనే భద్రంగా ఉంది," అన్నాడు మహేందర్.

సుధ ఆ భద్రత వైపు కాసేపు చూసింది. ముందు రిపేరు చేయమని ఆయన తొందరపెట్టాడు.

"ముందు పెళ్లి బయటికి రానీ అన్నా. డబ్బా సంగతి తర్వాత సూద్దం."

పరదా కట్టించి, అద్దం తీసి, టేబుల్ ఫ్యాను గాలి నేరుగా లోపలికి కొట్టేలా పెట్టింది. కొంచెం కాపీ చేయడం, వేడి ఎనభై డిగ్రీలకు చేరగానే ఆపడం, చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టడం. ఎనభై దాటితే ఇలాంటి డిస్క్ తనను తాను కాపాడుకోవడానికి మొదట నెమ్మదిస్తుంది, ఇంకా వేడెక్కితే పని మానేస్తుంది. మనుషుల కన్నా తెలివైనది. ఒంటిగంటకు పెళ్లి మొత్తం సుధ తెచ్చిన వేరే డిస్క్‌లోకి వచ్చింది.

అప్పుడు విప్పింది. ఆ డిస్క్, చూయింగ్ గమ్ రేకంత ఎస్‌ఎస్‌డీ, తెర మీద బొమ్మలు నడిపే, సెగలు కక్కే గ్రాఫిక్స్ కార్డు కింద ఇరుక్కుని ఉంది. వేడిని లాగడానికి పైన లోహపు పలక, రెండింటి మధ్య మెత్తని ప్యాడ్. ఆ ప్యాడ్‌కు నీలిరంగు ప్లాస్టిక్ పొర అలాగే అంటుకుని ఉంది. బిగించే ముందు తీసేయమని దాని మీద ఇంగ్లీషులోనూ చైనా భాషలోనూ రాసి ఉంది. రెండు భాషల్లోనూ ఎవరూ చదవలేదు.

"ఇది బిగించింది ఎవరన్నా?"

మహేందర్ కూలర్ వైపు చూశాడు. "నేనేనండీ. ఫోన్లో వీడియో చూసి."

సుధ పొర ఒలిచేసి, డిస్క్‌ను కార్డుకు దూరంగా కింది గాడిలోకి మార్చింది. ఫ్యాన్లన్నీ అందమైన ముఖం బయటికి కనిపించేలా బిగించి ఉన్నాయి. దాంతో అన్నీ గాలిని లోపలికే తోస్తున్నాయి, వేడి గాలి పోయే దారి లేదు. పైదీ వెనకదీ తిప్పి బిగిస్తానంది.

"తిప్పితే వీపు కనబడుద్దండీ," అన్నాడు మహేందర్ దిగులుగా.

"వీపు కనబడితే ఏమైతదన్నా? లోపల దానికి ఊపిరాడాలె గద."

సాయంత్రం దాకా వీడియో పని నడిపించి చూశారు. డిస్క్ యాభై ఎనిమిది డిగ్రీలు దాటలేదు. మహేందర్ ఆ అంకెను భక్తిగా చూస్తూ కూర్చున్నాడు. వాస్తు దోషం సగం, పొర దోషం సగం అని తేల్చాడు. సుధ వాదించలేదు, ఆమెకు బస్సు టైమైంది. కానీ బస్సులో హుజూర్‌నగర్ దాటేదాకా ఆమెకు మనసులో కోపం తగ్గలేదు. అంత చిన్న పొర వల్ల ముసలామె గొంతు పోయి ఉండేది.

ఏం చేసి వచ్చావని ఇంట్లో తల్లి రంగి అడిగితే ప్లాస్టిక్ కవర్ ఒలిచి వచ్చానని చెప్పింది. దానికోసం కోదాడ దాకా పోవాలా అని రంగి ఆశ్చర్యపోయింది.

వారం తర్వాత సాంసన్ మాస్టారు మహేందర్ దగ్గర నంబరు తీసుకుని సుధకు ఫోన్ చేశాడు. వీడియో అందిందని చెప్పాడు.

"మా అమ్మ గొంతు విన్నానమ్మా," అన్నాడు.

"మంచిది సార్. నాలుగు కాపీలు చేయించి, నలుగురి ఇండ్లల్ల పెట్టుండ్రి," అంది సుధ. మాస్టారు సరేనని, పెద్ద నోటుపుస్తకం తెచ్చుకుని, ఎవరెవరి ఇళ్లలో పెట్టాలో ఫోన్లో ఆమెకు వినబడేలా చదువుతూ రాసుకున్నాడు.