ఎల్బీనగర్ వంటావార్పులో మా కారుకు గాలి తీసిన రోజు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మన్సూరాబాద్‌కు ఐదారు కిలోమీటర్లు. ఆ మాత్రం దూరానికి ప్రయాణ అనుభవం ఏమిటని నవ్వేవాళ్లు నవ్వండి, నాకు మాత్రం అది ఎనిమిది నెలలు పట్టింది. నా పాత ఎర్ర కారుకు సూపర్‌చార్జర్ ఉంది. ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని బలవంతంగా నెట్టే యంత్రం అది. స్క్రాప్ మార్కెట్లో దాన్ని ఏరి తెచ్చి, మన్సూరాబాద్‌లోని తన షెడ్డులో ఆరు నెలలు కూర్చుని బిగించినవాడు యాదగిరి. నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చి లారీ ఇంజిన్లు బాగుచేసేవాడు. నేను తెనాలి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌ కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఆదివారాలు స్పానర్లు అందించడం నా పని. ఎప్పటికైనా ఈ కారులో ఇద్దరం నాగార్జునసాగర్ వెళ్లి రావాలన్నది మా ఒప్పందం.

నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడి తీసేది ఇంటర్‌కూలర్. మా కారులో దానికోసం విడిగా నీళ్లు తిరుగుతాయి: ఒక చిన్న పంపు, బంపరు వెనక ఒక చిన్న రేడియేటర్, హెడ్‌లైటు పక్కన నీళ్ల డబ్బా. ఎండాకాలంలో ఆ రేడియేటర్ చాలడం లేదు, పెద్దది వేయాలని ఇద్దరం అనుకుంటుండగానే మా మధ్య మాట చెడింది. తెలంగాణ ఉద్యమం రోజులు. వరస బంద్‌లతో క్లాసులు పోతున్నాయన్న చిరాకులో, అతని షెడ్డులోనే నిలబడి, "పని చేతకానివాళ్లకే ఈ బంద్‌లు" అన్నాను. యాదగిరి చేతిలోని స్పానర్ నేలమీద పెట్టి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. ఆ తర్వాత ఎనిమిది నెలలు మాటల్లేవు.

సకల జనుల సమ్మె మొదలయ్యాక కోచింగ్ సెంటర్ మూతపడింది. ఖాళీగా కూర్చుంటే ఆ స్పానర్ చప్పుడే గుర్తొచ్చేది. వెళ్లి క్షమాపణ అడగాలనుకున్నాను. కానీ పంపు పాడైన కారుతో వెళ్తే పని పడి వచ్చాడనుకుంటాడని నా అభిమానం. అందుకే ముందు కారు బాగుచేయించి, ఆ తర్వాతే గుమ్మం తొక్కాలని నిశ్చయించుకున్నాను. ఒకరోజు ఉదయం తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో సగం షట్టరు ఎత్తి ఉన్న ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాను. పెద్ద రేడియేటర్, కొత్త పంపు నేనే కొని ఉంచాను. బిగింపుకు ఎనిమిది వందలు, రెండున్నర గంటలు పట్టింది. డబ్బా నిండా కూలెంట్ పోసి, "అయిపోయింది సార్" అన్నాడు. మిగిలిన కూలెంట్ క్యాను డిక్కీలో పెట్టుకుని బయల్దేరాను.

సిటీ బస్సులు లేవు, ఆటోలవాళ్లు రెట్టింపు అడుగుతున్నారు, రోడ్డు మాత్రం ఖాళీ. కొత్తపేట పండ్ల మార్కెట్ దాటేసరికే ఇంజిన్ ఈడ్వడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే టకటకమంటోంది. ఎల్బీనగర్ చేరేసరికి పన్నెండయింది. అక్కడ రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. తెలియనివాళ్లకు చెబుతున్నాను: రోడ్డుమీదే రాళ్లపొయ్యి పెట్టి, వండుకుని, అక్కడే బంతిలో కూర్చుని తినే నిరసన అది. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. ఇంజిన్ ఆపేసి బానెట్ ఎత్తాను.

"చల్లారక ముందు మూత తియ్యకు సారూ."

వెనక యాదగిరి. ఒక చేతిలో గరిటె, భుజాన తువ్వాల. నేనిక్కడున్నానని నీకెలా తెలిసిందని అడిగాను.

"సప్పుడు ఇనవడ్డది. ఆ బెల్టు మోత నాకు తెల్వదా?" గరిటె పక్కన పెట్టి వంగాడు. ఇంటర్‌కూలర్ పైపుకు దగ్గరగా చెయ్యి పెట్టి చూశాడు, తర్వాత ముందున్న రేడియేటర్‌ను ముట్టుకున్నాడు. "ఇది కాలుతున్నది, గిది సల్లగున్నది. నీళ్లు తిరుగుతలేవు. కొత్తది బిగించినోడు కారు మూతి పైకి లేపి పోసిండా?"

"లేదు. మామూలుగానే పోశాడు."

"డబ్బా ఇంటర్‌కూలర్ కన్న నాలుగు వేళ్లు కిందికున్నది గద. గిట్ల పోస్తే మీదున్న గాలి యాడికి పోతది? పాఠాలు చెప్తవ్ నువ్వు!"

బానెట్ కింద చోటులేక ఆ డబ్బాను కిందికి పెట్టించింది నేనే. నీరు తన మట్టాన్ని తాను చూసుకుంటుందని ఏటా పిల్లలకు చెప్పేదీ నేనే. ఆ సంగతి పాపం ఆ మెకానిక్‌కు చెప్పలేదు.

జాకీ ఉంది గానీ, ఎత్తాక చక్రాల కింద పెట్టడానికి ఏమీ లేదు. యాదగిరి పొయ్యి వైపు చూశాడు. అక్కడ వంట చేస్తున్నది అతని వదిన ముత్తమ్మ.

"వదినా, గా రాళ్లు కావాలె."

"కారుకా? మంచిగున్నది! జర ఆగు, అన్నం దించినంక తీస్కపో."

అన్నం దిగింది. తడి గోనెసంచులతో పట్టుకుని మూడు రాళ్లూ మోసుకొచ్చారు. ముందు చక్రాల కింద చెరొకటి, కారు వెనక్కి జారకుండా వెనక చక్రానికి మూడోది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం తిప్పి పంపు మాత్రం ఆడించాం. అతను ఒక చేత్తో పైపు నొక్కుతూ డబ్బాలో సన్నగా పోస్తుంటే, ఇంటర్‌కూలర్ పైనున్న చిన్న స్క్రూను నేను వదులు చేశాను. బుసబుసమంటూ గాలి, తర్వాత నురగ. ఇద్దరి తలలూ ఒకే బానెట్ కింద ఉన్నాయి. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది.

"యాదగిరీ, ఆ రోజు నేనన్న మాట తప్పు. నీ చేతిపని మీద తిరుగుతూ నిన్నే అన్నాను. క్షమించు."

అతను పైపు నొక్కుతూనే ఉన్నాడు. "రాష్ట్రం గురించి ఎంతన్నా కొట్లాడు, నేనూ కొట్లాడ్త. పని రాదంటివి. నాకున్నదే అది గద." డబ్బాలో ఇంకాస్త పోసి, "స్క్రూ సూడు. బుడగలు ఆగినయా?"

ఆగాయి. నీటిధార తెగకుండా వస్తోంది. నాకు సరిగా కనబడక చేతివేళ్లతో తడిమి స్క్రూ బిగించాను.

చేతులు కడుక్కునేసరికి ముత్తమ్మ విస్తరి వేసింది. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. యాదగిరే వడ్డించాడు. "తిను సారూ. పని చేతగానోళ్లు వండిన బువ్వ, ఎట్లున్నదో చెప్పు." అతని కళ్లలో నవ్వు చూశాకే ముద్ద కలిపాను. నాలుగింటికి రోడ్డు తెరిచారు. రాళ్లు తిరిగిచ్చేసి, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని మన్సూరాబాద్ షెడ్డుకు చేరాను. దిగి ముందున్న రేడియేటర్ ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, నీళ్లు తిరుగుతున్నాయి. సాగర్ ఎప్పుడని అతనే అడిగాడు.

ఇలాంటి కారు ఉన్నవాళ్లకు ఒకే సలహా. నీళ్లు పోసేముందు ముందు భాగాన్ని ఎత్తండి, డబ్బా మూత అన్నిటికంటే పైన ఉండాలి. ఇక నాకు అర్థమైన సంగతి: ఉదయం నేను కారు బాగుచేయించుకుని దర్జాగా వెళ్దామనుకున్నాను. అది నిజంగా బాగైపోయి ఉంటే, యాదగిరి గుమ్మం దగ్గర తాళంచేతులు ఆడిస్తూ కుశలప్రశ్నలు వేసి తిరిగొచ్చేసేవాణ్ణేమో. మీరెవరినైనా నొప్పించి ఉంటే, అన్నీ సర్దుకున్నాక వెళ్దామని ఆగకండి. పాడైనదానితోనే వెళ్లండి.