యానాంలో చేజారిన హైబ్రిడ్ కారు

పొద్దున్న ఎనిమిదీ పదికి కాకినాడలో యానాం బస్సెక్కాను. పక్క సీటాయన "ఏం పని మీదండి?" అన్నాడు. కారు కొనడానికన్నాను. ఆయన నా చేతిసంచీ కేసి చూసి ముసిముసిగా నవ్వాడు. యానాంలో మందు చవక. సంచీతో అక్కడికెళ్ళేవాడు కారు కొంటానంటే మావైపు ఎవరూ నమ్మరు. నిజానికి అందులో ఉన్నవి కొత్త బండి చక్రాల కింద పెట్టమని మా ఆవిడ ఇచ్చిన నిమ్మకాయలు.

నాది మందుల షాపు. ఇళ్ళకి మందులు చేరవేస్తూ రోజంతా ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ తిరగాలి. కరెంటు కారు కొందామంటే నడిదారిలో ఛార్జింగ్ అయిపోతుందని భయం, పెట్రోలు కారంటే బంకులోనే కాపురం. అందుకే రెండూ కలిసిన హైబ్రిడ్ మీద మనసు పడింది. యానాంలో టాక్సీ నడిపే సత్తిబాబు తన హైబ్రిడ్ మైలేజీ ఇవ్వట్లేదని విసిగిపోయి, అయినకాడికి ఇచ్చేస్తానని కబురు పెట్టాడు.

తొమ్మిదిన్నరకి అగ్రహారంలో వాళ్ళింటికి చేరాను. సత్తిబాబు భార్య నాగమణి కాఫీ ఇచ్చింది గానీ మొహం మాడ్చుకునే ఇచ్చింది.

"ఈ బండెక్కితే నా నడుం నొప్పే తెలీదండి. అమ్మొద్దంటే ఈయన ఇనట్లేదు."

"పెట్రోలు తాగేత్తందే! ఏం సెయ్యమంటావ్?" అన్నాడు సత్తిబాబు.

పది గంటలకి నన్నెక్కించుకుని బటన్ నొక్కాడు. చప్పుడే లేదు. స్టార్టవలేదా అన్నాను.

"అయ్యిందండి డాక్టరుగారూ. మెల్లగా ఎల్తే బ్యాటరీ మీద మోటారే లాగుద్దండి. స్పీడొత్తే ఇంజను లెగుత్తాది."

మందులమ్మేవాణ్ణి డాక్టర్ని చేశాడు. ఆ హోదాలోనే ప్లగ్గెక్కడని అడిగాను.

"ప్లగ్గుండదండి, ఆయ్. బ్రేకేత్తే సక్రాలే మోటార్ని తిప్పి కరెంటు పుట్టిత్తాయి."

నిజమే. వేగం తగ్గినప్పుడల్లా స్టీరింగ్ పక్కనున్న తెర మీద చక్రాల నుంచి బ్యాటరీకి పచ్చ బాణాలు పరిగెడుతున్నాయి. ఎదుర్లంక వంతెన మీద దిగుడు మొదలవగానే సత్తిబాబు టక్కున గేరు న్యూట్రల్‌లోకి తోశాడు. బాణాలు మాయం.

"అదేంటయ్యా?"

"దిగుడు కదండీ! ఇలా వొదిలేత్తే పెట్రోలు మిగులుద్ది. ఇరవయ్యేళ్ళ అలవాటండి."

నాకు గుట్టు తెలిసిపోయింది. న్యూట్రల్‌లో ఉంటే చక్రాల కరెంటు బ్యాటరీకి చేరదు. బ్యాటరీ తగ్గితే నింపడానికి ఇంజనే పెట్రోలు తాగాలి. మహానుభావుడు పొదుపు చేసి మరీ మైలేజీ పోగొట్టుకుంటున్నాడు! నేను నోరు మూసుకుంటే చాలు, బంగారంలాంటి బండి నాది. మూసుకున్నాను.

పన్నెండున్నరకి రొయ్యల ఇగురుతో భోజనం. నాగమణి కొసరి కొసరి వడ్డించి, మేం తింటుండగా వీధిలోకెళ్ళి కొంగుతో కారు అద్దాలు తుడవడం మొదలుపెట్టింది. అమ్మేసే బండికి ఆ తుడుపేమిటి? నా మీద నాకే రోత పుట్టింది. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"సత్తిబాబూ, బండిలో లోపం లేదయ్యా. నీ చేతిలో ఉంది" అని మొత్తం చెప్పేశాను.

చేయి కడిగీ కడగకుండానే మళ్ళీ వంతెన మీదికి తీసుకెళ్ళాడు. ఈసారి గేరు ముట్టుకోకుండా కాలు తీశాడు. వంతెన దిగినంతసేపూ బాణాలే బాణాలు. "ఓర్నాయనో!" అన్నాడు. బండి పక్కకాపి, "ఏవనుకోకండి డాక్టరుగారూ..." అని నసిగాడు.

"ఎందుకనుకోను? బోలెడనుకుంటాను. బస్టాండులో దింపు" అన్నాను.

మూడున్నర బస్సులో సీటు లేదు. కడ్డీ పట్టుకు వేలాడుతూ, హైబ్రిడ్ కొనబోయే మీకోసం ఒక సలహా ఆలోచించాను: బండిని చూడండి, బండివాడి ఇంట్లో మాత్రం భోంచెయ్యకండి. ఇంతలో ఫోను మోగింది.

"డాక్టరుగారూ, మా ఇంటిదాన్ని ఎక్కించుకుని వంతెన దిగడం ఇది నాలుగోసారండి! బాణాలు వత్తానే ఉన్నాయండి!"

"ఊరికే ఎక్కుతూ దిగుతూ ఉంటే మైలేజీ ఏం మిగులుతుందయ్యా?" అని కసిరాను.

వెనక నుంచి నాగమణి "ఇంకోపాలి, ఇంకోపాలి" అని నవ్వుతోంది. నా కారులో.