కాకులు లేని లంక

పిట్ట ముట్టకపోతే మీరేం చేస్తారు? చెప్పండి. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండుతారు, విస్తట్లో పెడతారు, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ఒక్క మెతుకు ముడితే పోయినవాళ్ళు తృప్తిగా పోయినట్టు. రాకపోతే బేరం మొదలవుతుంది. నీ పిల్లలను మేం చూసుకుంటాం, నీ చెలక భూమి అమ్మం, నీ తమ్ముడితో మాట్లాడతాం అని ఒక్కొక్కరూ ముందుకొచ్చి గాలికి మాట ఇస్తారు. ఆకలేసిన కాకి ఏ మాట దగ్గర దిగితే, పోయినవారి కోరిక అదేనన్నమాట.

ఈ ప్రశ్న నేను ఖమ్మం చుట్టుపక్కల చాలా హేతువాద సభల్లో అడిగాను. ఎర్రుపాలెంలో ఒక పెద్దాయన లేచి, "ముట్టేదాంక నిలబడతం సారూ, నడుమ నీకేం పోయింది?" అన్నాడు. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి నాకు నిజంగానే ఏమీ పోలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు నా భార్య చనిపోయింది. ఆమె కోరిక ప్రకారం దేహాన్ని వైద్య కళాశాలకు ఇచ్చాం. దేహదానానికి మా ఇద్దరిలో ముందు సంతకం చేసింది ఆమే. సంస్మరణ సభలో నేను మాట్లాడాను. బాగా మాట్లాడానని అన్నారు. ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. కుర్చీలకు కట్టిన గుడ్డ తెల్లగా ఉండటం గుర్తుంది.

మా అత్తమ్మది జూలూరుపాడు దగ్గర ఒక చిన్న పల్లె. కబురందుకుని ఆమె వచ్చేసరికి కళాశాల వ్యాను గుమ్మం ముందు ఉంది. పిల్లను ఎక్కడికి తీసుకుపోతున్నారని అడిగింది. ఎవరో చెప్పారు. ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. ఆ నిర్ణయం గురించి మా ఆవిడ తన విద్యార్థులకు చెప్పింది, పత్రికల వాళ్ళకు చెప్పింది, పాలు పోసే మనిషికి కూడా చెప్పింది. తల్లికి మాత్రం చెప్పలేదు. "మామిడికాయ పచ్చడికి పోయినప్పుడు నేనే నెమ్మదిగా చెప్తాలే" అనేది. పచ్చళ్ళు ఏటా వచ్చేవి. మాట అక్కడే ఉండిపోయేది.

హేతువాదుల ఇళ్ళలో ఇది మామూలే. ఊరినంతా ఒప్పిస్తాం. ఇంట్లో మనిషి దగ్గరకొచ్చేసరికి, ఆమెకు అర్థం కాదులే అని మనమే తేల్చేస్తాం.

అత్తమ్మ మౌనానికి కారణం చాలా రోజులకు గానీ నాకు తెలియలేదు. మా పెళ్ళి ముహూర్తం లేకుండా, అయ్యవారు లేకుండా ఒక సభలో జరిగింది. ఆ రోజు ఆమె గడపలో నిలబడి కూతురితో, "నేను సచ్చినా నా పీనుగను నువ్వు ముట్టొద్దు" అన్నదట. తర్వాత అన్నీ సర్దుకున్నాయి. రాకపోకలున్నాయి, నవ్వులున్నాయి. భార్య అలగని రోజు ఎలా ఉంటుందో తన అల్లుడికి తెలియదని ఆమె నన్ను ఆటపట్టించిన రోజులూ ఉన్నాయి. కానీ ఆ మాట ఆమె లోపల ఎక్కడో ఆరకుండా ఉంది.

"నేను ఒక్కమాట అన్న" అంది నాతో, ఆ ఎండాకాలం మా ఇంటికొచ్చి. "అది ఇన్నేండ్లు దాసుకున్నది. నాకు దాని పీనుగే లేకుంట చేసింది. కోపంతోనే పోయింది నా బిడ్డ."

కాదన్నాను. ఎలా తెలుసని అడిగింది. చెప్పే ఓపిక లేదు.

"మా నాయన లంకకు తోడు రా అల్లుడూ. ఆడ పిట్టకు పెడత. అది నా మీద కోపంతోని పోయిందా లేదా, నాకు తెల్వాలె."

సరే అన్నాను. ఆ రోజుల్లో ఎవరేం అడిగినా సరే అనేవాణ్ణి. కాదనాలంటే ఎక్కువ మాటలు కావాలి.

అత్తమ్మ పుట్టిల్లు కూనవరం దిగువన గోదావరి ఒడ్డున ఉంది. ఎండాకాలం నీళ్ళు తగ్గి లంక బయటపడితే, ఆ ఇసుకలో ఆమె తండ్రి పుచ్చతీగలు పెట్టేవాడు. గుడిసె వేసుకుని కాయ తెగేదాకా అక్కడే కాపురం. సెలవులకు మనవరాలు వస్తే ఆ ఇసుక వదిలి వచ్చేది కాదట, పడవలోకి మోసుకుపోవలసి వచ్చేదట. ఈ సంగతి నా భార్య కూడా చెప్పింది. మా అమ్మ నన్ను తిట్టని చోటు అదొక్కటే అనేది.

భద్రాచలం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. రాత్రి అత్తమ్మ అక్క ఇంట్లో ఉన్నాం. తెల్లవారుజామున అక్కాచెల్లెళ్ళు అన్నం, పప్పు, వంకాయ ఎండురొయ్యల కూర, గారెలు వండి క్యారియర్‌లో సర్దారు. ఆ అక్క కొడుకే మా పడవవాడు. నాకు బామ్మర్ది వరస. తండ్రి నాటుపడవకు ఇంజను బిగించుకుని చేపల వాళ్ళను, అప్పుడప్పుడు యాత్రికులను తిప్పేవాడు.

రేవులో అటవీ శాఖ గార్డు క్యారియర్ మూత తీసి చూశాడు. "పిక్నిక్కా?" అన్నాడు.

"అవ్ సారూ, పిక్నిక్కే" అన్నాడు బామ్మర్ది.

"మంట పెట్టొద్దు. పొద్దుగూకకముందే రావాలె. ఇప్పుడదంతా రక్షిత అడివి."

పడవ కదిలాక బామ్మర్ది నా వైపు తిరిగాడు. "ఏంది బావా, మైకు ముందట ఆపితే ఆగవంట గదా. ఒక మైకు కట్టాల్నా పడవకు?"

"ఆయన జోలికి పోకురా" అంది అత్తమ్మ.

"జోలికి యాడ పోయిన చిన్నమ్మా? మనిషి ఉన్నడా లేడా అని సూస్తన్న."

నేను నవ్వలేదు. నవ్వాలని తెలుసు. అది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

లంక తెల్లగా, పొడుగ్గా, నది మధ్య పడుకుని ఉంది. రెండు ఒడ్డుల మీదా కొండలు, కొండల నిండా అడవి. టేకులూ వెదుళ్ళూ నీళ్ళ అంచు దాకా దిగి ఉన్నాయి. ఇసుక మీద అడుగు జాడ లేదు. మామూలు మనిషి ఆగి చుట్టూ చూసే చోటు. నాకు చెప్పుల్లోంచి అరికాలికి వేడి తగిలింది, అంతే.

అత్తమ్మ తండ్రి గుడిసె ఎక్కడుండేదో వెతికింది. దొరకలేదు. ఏటేటా వరదకు ఇసుక మారుతుంది. ఒకచోట ఆగి, ఇదే అనుకుందాం అంది. మోదుగాకుల విస్తరి పరిచి అన్నీ వడ్డించింది. రొయ్యల కూర కొంచెం ఎక్కువే వేసింది. మేం ముగ్గురం పడవ దగ్గరికి జరిగి నిలబడ్డాం.

"రా బిడ్డా" అని పిలిచింది.

ఏమీ రాలేదు. నీళ్ళ అంచున ఒక కొంగ నిలబడింది. అది చేపల పనిలో ఉంది.

"నీ పుస్తకాలు ఎవ్వరికీ ఇయ్యం బిడ్డా. నీ మొక్కలకు నీ మొగడు రోజూ నీళ్ళు పోస్తున్నడు."

నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"పోస్తడు బిడ్డా, రేపటి సంది పోస్తడు" అని సరిచేసింది.

ఎండ పెరిగింది. అన్నం మీద మెతుకులు ఎండి విడిపోతున్నాయి. ఒక లాంచీ సినిమా పాటలు మోగించుకుంటూ దూరంగా పోయింది. అందులోని జనం మాకు చేతులూపారు. బామ్మర్ది ఊపాడు. అత్తమ్మ పెదవులు ఎండిపోయాయి. నీళ్ళు తాగమంటే వద్దంది.

"మా నాయన ఉన్నప్పుడు ఈడ కాకులు ఎన్ని ఉండె!" అంది. "పుచ్చకాయ కోసినమంటే చేతుల ముక్క గుంజుకపోయేటియి. కట్టె పట్టుకొని అదిలిచ్చేటోళ్ళం. ఇయ్యాల ఒక్కటి లేదు. సూసినవా, ఒక్కటి గూడ రానిస్తలేదు."

అది నా భార్య గురించి అన్న మాట. కాకులను సైతం ఆపేంత కోపంగా ఆమె ఎక్కడో ఉందని. ఇలాంటి మాట సభలో ఎవరైనా అంటే నేను చీల్చి చెండాడేవాణ్ణి. అక్కడ చెప్పులోని ఇసుక దులుపుకున్నాను.

చివరికి ఆమె ముఖం కడుక్కోవడానికి నీళ్ళ వైపు వెళ్ళింది. బామ్మర్ది గబగబా విస్తరి దగ్గరికి పోయి, వేలితో నాలుగు మెతుకులు ఇసుకలోకి చిమ్మి వెనక్కి వచ్చాడు. నాకు కన్ను కొట్టి, గట్టిగా అరిచాడు. "చిన్నమ్మా! ముట్టింది! గిప్పుడే వచ్చి పోయింది, ఇంత పెద్ద కాకి!"

ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది. విస్తరి ముందు వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"పిట్ట కాళ్ళు ఏవిరా?"

"ఆఁ?"

"ఇసుక మీద పిట్ట కాళ్ళు ఏవి? ఈడ కొత్తయన్నీ నీ కాళ్ళే ఉన్నయి. గంత పెద్ద కాకి చెప్పులేసుకొని వచ్చిందా?"

బామ్మర్ది తల గోక్కున్నాడు. "నీ మంచికే గదా చిన్నమ్మా."

"నీ మంచి గంగల గలవ. దాన్ని కూడ మోసం చెయ్యమంటవా?" ఆమె లేచి నా ముందుకొచ్చి నిలబడింది. "నువ్వు అబద్ధమాడవు. ఆడవనే అది నిన్ను చేసుకున్నది. నువ్వు చెప్పు అల్లుడూ. పిట్ట ఎందుకు రాలే?"

నాకు ఇష్టం లేకపోయినా బుర్ర పని మొదలుపెట్టింది. అది దుఃఖం కాదు, తెలివీ కాదు. ఏళ్ళ తరబడి చేసిన పని అలవాటుగా తనంతట తాను కదిలింది.

"ఈ లంక మీద పుచ్చ పెట్టడం ఎప్పుడు ఆగిపోయింది?" అని బామ్మర్దిని అడిగాను.

"ఈ లంక గూడ అడివి కిందికే వస్తదని అడివి శాఖోళ్ళు గుడిసెలు తీసేయించినప్పటి సంది."

"తర్వాత ఇక్కడ కాకులను చూశావా?"

అతను ఆలోచించాడు. "లేదు. ఊర్లున్న రేవుల కాడ ఉంటయి. ఈడ ఏం తింటయి బావా? తొక్కలా, అన్నమా? మనిషే లేడాయె."

అత్తమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మిగతాది ఆమే అంది, ప్రతి మాటా ఇసుకలో పాతుతున్నట్టు.

"అంటే మనుషులు లేక రాలే."

"అవును."

"కోపంతోని గాదు."

"కాదు అత్తమ్మా. ఇక్కడ ఎవరి పేరు మీద పెట్టినా రాదు."

"మరి నాకు ఎందుకు చెప్పలే అది?"

"భయం."

"నేనంటెనా?"

"నువ్వు ఏడుస్తావని. నీ ఏడుపు చూడలేక ఏటా వాయిదా వేసింది. పచ్చళ్ళప్పుడు చెప్తానంటూనే ఉంది. నువ్వన్న మాట గురించి నాతో ఎప్పుడూ అనలేదు. నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు."

"ఎన్నడూ అనలే?"

"ఎన్నడూ."

ఆమె ఇసుకలో కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. చిన్నగా మొదలై కొండలకు తగిలేంత ఏడుపు. కొంగ ఎగిరిపోయింది. బామ్మర్ది పడవ తాడును ఊరికే విప్పి మళ్ళీ కట్టాడు. నేను ఆమె పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూశాను కూడా.

చాలాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆ డాక్టరు చదువుకునే పిల్లలు దాన్ని మంచిగ చూస్తరా?" అంది.

"చూస్తారు. మొదటి రోజు ఆమె ముందు అందరూ లేచి నిలబడతారట."

"లేచి నిలబడతరా?" అని మళ్ళీ అడిగి తల ఊపింది. తర్వాత విస్తరి దగ్గరికి లాక్కుని, మీద ఎండిన అన్నం పక్కకు తీసి, కూర కలిపి ముద్ద చేసింది.

బామ్మర్ది అదిరిపడ్డాడు. "చిన్నమ్మా, పోయినోళ్ళకు పెట్టింది తినొద్దు!"

"బిడ్డకు పెట్టింది తల్లి తింటే ఏమైతదిరా? నువ్వు గూడ రా, కాకీ. పొద్దటి సంది ఎగురుతున్నవు." వాడి చేతిలో ఒక ముద్ద, నా చేతిలో ఒక ముద్ద పెట్టింది. తిన్నాను. ఉప్పు తక్కువైందని మాత్రం తెలిసింది.

పొద్దు వాలకముందే రేవు చేరాం. గార్డు క్యారియర్ వైపు చూసి, "బాగైందా పిక్నిక్?" అన్నాడు. అత్తమ్మ బాగైందంది.

ఆ లంకకు మళ్ళీ వెళ్ళలేదు. మనుషులను వెళ్ళగొట్టి దానికి రక్షణ అని పేరు పెట్టడం గురించి రాయవలసింది చాలా ఉంది. ఇంకోచోట రాశాను, రాస్తాను. దేహదానం ఎందుకు చేయాలో కూడా ఇక్కడ వాదించను. సంతకం చేయనివాళ్ళతో వాదన ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఈ మాట సంతకం చేసినవాళ్ళకు. మీ నిర్ణయం మీ స్నేహితులకు తెలుసు, మీ సంఘానికి తెలుసు. మీ అమ్మకు తెలుసా? ఆమెకు అర్థం కాదని ఎవరు తేల్చారు? ఇసుక మీద పిట్ట జాడలు లేవని పట్టుకున్నది ఆమే.

ఈ పుస్తకం ఇక్కడే మూయండి. లేవండి. ఇవాళే బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, మీ నోటితో మీరే చెప్పండి. ఏడుస్తుంది. ఏడవనివ్వండి, లేచి రాకండి. ఆ పని కాకికి వదిలేయకండి.