నాది కాని నక్షత్రం

నేను పెద్దమనిషినైన రోజు మా ఇంట్లో అందరూ అనుకుంటున్న రోజు కాదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా తెలియదు. రోజూ ఏదో ఒకటి రాసుకునే నా డైరీలో సైతం ఆ రోజు కింద "ఎండ ఎక్కువగా ఉంది, లెక్కల పరీక్ష బాగా రాశాను" అని మాత్రమే ఉంటుంది.

అప్పుడు మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఆపై చదవాలంటే చీపురుపల్లి హైస్కూలుకు వెళ్ళాలి. పొలాలకు అడ్డం పడి నడిచివెళ్ళేంత దూరమే, కానీ మా ఊరి ఆడపిల్లలెవరూ వెళ్ళేవారు కాదు. నాన్నకు చదువంటే కోపమేమీ లేదు, నాయనమ్మ మాట మాత్రం దాటేవాడు కాదు. నాయనమ్మ మాట ఎప్పుడూ ఒక్కటే.

"పెద్దమనిషైన గుంటకి బడేటి? మూల కూకోబెట్టిన్నాడే బడి సెల్లు."

నా తరఫున మాట్లాడగలిగినవాడు మావయ్య ఒక్కడే. అమ్మకు అన్న. పొందూరులో ఖద్దరు దుకాణంలో గుమాస్తా. వీలు చిక్కినప్పుడల్లా పాసింజరు రైల్లో చీపురుపల్లిలో దిగి, గట్ల మీదుగా మా ఇంటికి వచ్చేవాడు. సంచిలో అమ్మకు ఏదో ఒక తినుబండారం, నాకు గ్రంథాలయం పుస్తకం ఉండేవి. బడిలో ఎవరైనా అడిగితే తప్ప నేను నోరు విప్పేదాన్ని కాదు. మావయ్య వస్తే అరుగు మీద అతని పక్కన చేరి, చదివిన కథలో ఎవరికి అన్యాయం జరిగిందో చీకటి పడేదాకా వాదించేదాన్ని. తన కొడుక్కి నన్ను చేసుకుంటానని నేను ఉయ్యాలలో ఉన్నప్పుడే అన్నాడట. ఆ పెళ్ళి సంగతి నా బుర్రకు ఎక్కేది కాదు. ఆ ఇంట్లో పుస్తకాలుంటాయి, మావయ్య ఉంటాడు. అంతవరకే తెలుసు.

శకునాలంటే మావయ్యకు నవ్వులాట. ఒకసారి బయల్దేరబోతుంటే రాహుకాలమని నాయనమ్మ ఆపింది.

"రాహుకాలం టిక్కెట్టు కొనుక్కోని నాతోటి రైలెక్కుతాదేటి అత్తా?" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు. నేను పగలబడి నవ్వాను. లోకంలో మావయ్యంత ధైర్యవంతుడు లేడనుకున్నాను. ఆ రోజే నాతో, "నువ్వు పాసవ్వే. హైస్కూలు సంగతి మీ నాన్నతో నాను మాటాడతాను" అన్నాడు.

లెక్కల పరీక్ష పొద్దున్న నూతి దగ్గర ఉండగా సంగతి తెలిసింది. పక్కింటి అక్కకు జరిగినదంతా చూశాను కనుక అదేమిటో నాకు అర్థమైంది. చెబితే ఆ క్షణమే మూల కూర్చోబెడతారు. ఇంకా సగం పరీక్షలున్నాయి. అమ్మ పాత చీర చింపుకున్నాను. మామూలుగా జడ వేయించుకుని బడికి వెళ్ళాను.

సాయంత్రం ఇంటికి రాగానే నాయనమ్మ మాగాయ జాడీలోంచి నాలుగు ముక్కలు తెమ్మంది. మా ఇంట్లో బయటున్నవాళ్ళ నీడ పడినా ఊరగాయ బూజు పడుతుందని గట్టి నమ్మకం. నా చేతికి సాయంగా మనసులో ఏ దేవుణ్ణి తలుచుకోవాలో కూడా తోచలేదు, దేవుళ్ళందరూ అవతలి పక్షమే కదా. చెయ్యి పెట్టి తీశాను. అమ్మ గేదె దగ్గరుండి, దేవుడి గూట్లో దీపం పెట్టమని కేకేసింది. దీపమూ పెట్టాను.

ఆ తర్వాత ఎవరూ లేనప్పుడల్లా జాడీ మూత తీసి చూసేదాన్ని. బూజు రాలేదు. పైన నూనె తేలి, ముక్క ఎర్రగా అలాగే ఉంది. గేదె పాలు తగ్గలేదు. నాన్నకు జ్వరం రాలేదు. ఒక మధ్యాహ్నం నాయనమ్మ గంజన్నంలో ముక్క నంజుకుంటూ, "నిరుడు పెట్టిన మాగాయ బలే కుదిరినాదే" అంది.

ఏదో ఒకటి జరిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. శిక్ష పడి ఉంటే ఏడ్చి అమ్మ ఒడిలో పడేదాన్ని. ఏమీ జరగలేదు. వాళ్ళు అంత భయంగా పాటించేదంతా వట్టిదని ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలిసింది. "అది ముట్టుకోకే, కీడు", "ఇటు నడవకే" అని అమ్మ ప్రేమగా చెబుతుంటే ఆమె ముఖంలోకి చూడలేకపోయేదాన్ని. రాత్రి ఆమె పక్కనే పడుకుని కూడా వేరే ఊళ్ళో ఉన్నట్టుండేది. ఒక్కటే ఊరట. ఇదంతా వట్టిదని తెలిసినవాడు పొందూరులో ఇంకొకడున్నాడు.

పరీక్షలైపోయాయి. నెల తిరిగి మళ్ళీ బయట చేరినప్పుడు, అదే మొదటిసారి అన్నట్టు అమ్మకు చెప్పాను. అమ్మ నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తాటాకు చాప వేసి మూల కూర్చోబెట్టారు. వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చారు. నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి ముద్దలు చేసి నోట్లో కుక్కారు.

"ఓలమ్మో, మొన్నటిదాకా సీమిడి ముక్కుతో తిరిగిన గుంటే!"

"ఏటే, మాటాడవేటి? పొందూరు కబురెట్టీసినాం, మీ మావ చీరట్టుకొస్తాడులే."

"చీరెందుకు దానికి? పొస్తకం కట్టబెట్టండి, సుట్టుకుంటాది!"

అందరూ ఒకటే నవ్వు. నేను తల దించుకున్నాను. సిగ్గనుకున్నారు.

స్నానం చేయించే రోజుకు మావయ్య వచ్చాడు. పొందూరు ఖద్దరు ఓణీ తెచ్చాడు. గాలికి ఎగిరిపోయేంత సన్నని నేత. సంచిలో అరటిపళ్ళు, పసుపు, కుంకుమ ఉన్నాయి. పుస్తకం లేదు. మరిచిపోయి ఉంటాడనుకున్నాను.

మధ్యాహ్నం పంతులుగారు పంచాంగం విప్పి, ఏ రోజు, ఏ వేళ అని అడిగారు. నాన్న చెప్పాడు. పంతులుగారు వేలితో లెక్కకట్టారు. "భరణి వచ్చింది. మంచిది కాదు. మెట్టినింటికి కీడు. శాంతి చేయించండి" అన్నారు. నాయనమ్మ గోడకు చేరగిలబడిపోయింది. అమ్మ చేతిలో హారతి పళ్ళెం అలాగే ఉండిపోయింది.

నేను మావయ్య వైపు చూశాను. ఇప్పుడు ఏదో ఒక హాస్యమాడి అందర్నీ నవ్విస్తాడని చూశాను. మావయ్య జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. పంతులుగారి చేతిలోని పంచాంగం తను తీసుకుని, ఆ వరస వెంట వేలు పెట్టి చదివాడు. ఒకసారి కాదు. మళ్ళీ మళ్ళీ.

తర్వాత దొడ్డివైపు అమ్మ, మావయ్య మాట్లాడుకోవడం తలుపు వెనకనుంచి విన్నాను.

"సాంతి సేయిస్తాం కదా అన్నయ్యా."

"సేయించండి, మంచిదే. కాని నాకున్నాది ఒక్కడే కొడుకమ్మా."

"నువ్వేనా అన్నయ్యా ఈ మాటంతన్నావు?"

"మనసొప్పడం లేదే. నన్నేటి సెయ్యమంతావు?"

అందరూ అటూ ఇటూ ఉన్నప్పుడు నేనూ పంచాంగం తెరిచాను. లెక్కల పరీక్ష నాడు రోహిణి. దివ్యమైన నక్షత్రం. ఆ మాట మావయ్య చెవిన వేస్తే చాలు. మాగాయ గొడవ, దీపం గొడవ పడవచ్చు, నాయనమ్మ శోకాలు పెట్టవచ్చు. అయినా మావయ్య సంతోషంగా తిరిగి అరుగెక్కి కూర్చునేవాడు. ఆ సంతోషమే నాకు అక్కర్లేకపోయింది. రోహిణి అయితే దగ్గరకు తీసి, భరణి అయితే తోసేసే మావయ్య నాకెందుకు?

ఆ తర్వాత అతను మా ఇంటికి రాలేదు. నేను పాసయ్యాను. హైస్కూలు సంగతి నాన్నతో ఎవరూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. అమ్మ చాన్నాళ్ళు రైలు వచ్చే వేళకు గట్టువైపు చూసేది. నేను చూడడం మానేశాను.

పంచాంగం చూసిన ఆ రోజు మాత్రం మావయ్య బయల్దేరుతుంటే కొత్త ఓణీతోనే గడప దాకా వెళ్ళాను. అతను వంగి చెప్పులు తొడుక్కుంటున్నాడు. దగ్గర ఎవరూ లేరు. అడిగాను.

"మావయ్యా, నువ్వు కూడా నమ్ముతావేటి ఇవన్నీ?"

మావయ్య లేచి నిలబడ్డాడు. నా ముఖంకేసి కాకుండా నా ఓణీ అంచుకేసి చూస్తూ, ఎన్నడూ లేనంత మర్యాదగా అన్నాడు.

"నీకు తెల్దమ్మా. లోపలికెల్లు."