అత్తగారి కోసం పట్టిన హమూర్

మా అత్తగారు దోహా వచ్చిన మొదటి వారంలోనే గొప్పలకి పోయి మాటిచ్చేశాను. "నేను పట్టిన చేపతో పులుసు తినిపించకుండా మిమ్మల్ని విమానం ఎక్కించను అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ గోదావరి గట్టున పుట్టి పెరిగిన మనిషి. చేప విషయంలో ఎవరి మాటనీ తేలిగ్గా నమ్మరు, అల్లుడి మాట అసలే నమ్మరు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం నేను వక్రా దాటి రాళ్ళ కట్ట మీద గాలం వేయడం, ఖాళీ బకెట్‌తో అబూ హమూర్‌లోని మా ఫ్లాట్‌కి తిరిగి రావడం, ఆవిడ తలుపు తీసి ముందు బకెట్లోకి, తర్వాత నా మొహంలోకి చూడడం ఆనవాయితీ అయిపోయింది. "గాలానికి ఎర గుచ్చారా అల్లుడుగారూ, లేక ఆఫీసులోలాగా ఊరికే కూర్చుని వచ్చేశారా?" అనేవారు. లోపల మా ఆవిడ కిసుక్కున నవ్వేది. కట్టుకున్నవాడి మీద ఆమాత్రం జాలి ఉండొద్దూ!

చేపలు పడకేం, పడేవి. అన్నీ చిన్నవి, వదిలేసేవాణ్ణి. ఈ ఊళ్ళో విందంటే హమూర్ చేపే కాబట్టి అందరూ దాని వెంటే పడతారు, అది ఏటికేడూ తగ్గిపోతోంది. అందుకని కట్ట మీద చేరే మన తెలుగువాళ్ళకి నేనొక రూలు పెట్టాను. గాలం కర్ర మీద కొలతకి ఎర్ర టేపు చుట్టి, అంతకన్నా పొట్టి హమూర్ ఎవరికి పడినా నీళ్ళలో వదిలేయాలన్నాను. ఒక శుక్రవారం జగిత్యాల ఫోర్‌మన్‌కి పడినదాన్ని అలాగే వదిలించాను. "నీ రూలు పాడుగాను సార్! క్యాంపుల అందరికి చేప తెస్తనని చెప్పి వచ్చిన" అని అతను ఆ పూటంతా మూతి ముడుచుకున్నాడు.

అత్తగారికి ఈ రూలు చెబితే అర్థమవుతుందా అని నాకు అనుమానం. ఒకరోజు సూపర్ మార్కెట్లో గులాబీ రంగు సాల్మన్ ముక్కలు చూసి అదేమిటని అడిగారు. ఏట్లో పుట్టి, సముద్రానికి పోయి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఏరు ఎక్కి వస్తుందని మా ఆవిడ చెప్పింది.

"అయితే తెల్లోళ్ళ పులస అన్నమాట" అన్నారు. కాసేపు ఆ ముక్కలకేసి చూసి, "పుస్తెలమ్మైనా పులస తినాలని మనవాళ్ళే అన్నారు. గుడ్లున్నదే కావాలని ఏరి మరీ తిన్నాం. ఇప్పుడు పుస్తెలున్నాయి గానీ పులసే లేదు" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఆవిడ ప్రయాణం శనివారం. ముందురోజు, అంటే ఆఖరి శుక్రవారం, అత్తగారూ మా ఆవిడా కూడా కట్ట మీదికి వచ్చారు. ఇంటి దగ్గర మసాలా నూరేశారట, చింతపండు నానేశారట, బెండకాయలూ వంకాయలూ తరిగేశారట. ముక్కలకి పట్టించడానికి ఉప్పూ పసుపూ కలిపి డబ్బాలో పోసుకుని మరీ వచ్చారు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది మా ఆవిడ నాకేసి చూస్తూ.

పొద్దెక్కుతుండగా దారం బిగుసుకుంది. లాగి పైకి తీశాను. హమూర్! ఒళ్ళంతా నారింజ రంగు మచ్చలు. అత్తగారు "అబ్బో!" అంటూ లేచి నిలబడ్డారు. తడిచేత్తో పట్టుకుని కర్ర పక్కన ఆనించాను. టేపుకి నాలుగు వేళ్ళు తక్కువ.

ఫోర్‌మన్ వచ్చి చూశాడు. నన్ను దెప్పుతాడనుకున్నాను. "ఉంచుకో సార్. అత్తమ్మ రేపు పోతది. మేమేమనుకోం. యల్లా, సంచిల ఏస్కో" అన్నాడు మెల్లగా. అతను దెప్పినా బాగుండేది.

"ఏమిటి సంగతి?" అన్నారు అత్తగారు. చెప్పాను. హమూర్ ముందు ఆడదిగా ఎదుగుతుందనీ, బాగా పెద్దయ్యాకే కొన్ని మగవవుతాయనీ, ఇది ఇంకా ఒక్కసారైనా గుడ్లు పెట్టి ఉండదనీ చెప్పాను.

"మన మగాళ్ళకి బుద్ధి వచ్చినట్టు, వాటికి మగతనం ఆలస్యంగా వస్తుందన్నమాట" అన్నారు. ఉంచమని గానీ వదలమని గానీ అనలేదు. పసుపు డబ్బా ఆవిడ చేతిలోనే ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. వంగి చేపని నీళ్ళలో పెట్టాను. అది ఒక్క క్షణం ఆగి, తోక విదిలించి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి బెండకాయలూ వంకాయలూ వేసి, నూరిన మసాలాతోనే చేప లేని చేపల పులుసు పెట్టారు. నాకు వడ్డిస్తుంటే తలెత్తలేకపోయాను. "మాట నిలబెట్టుకోలేకపోయాను అత్తయ్యగారూ" అన్నాను.

"కాశీకి వెళితే ప్రాణమైనదాన్ని వదిలి రావాలంటారు. నేను కాకరకాయ వదిలొచ్చాను, అదంటే నాకు చిన్నప్పట్నుంచీ అసహ్యం. గంగమ్మ తల్లి ఎంత నవ్వుకుందో! ప్రాణమైనదాన్ని వదిలిన మనిషిని ఇవాళే చూశాను" అన్నారు. ఆవిడ గొంతులో వెక్కిరింత లేదు.

"తినండి బాబూ, చల్లారిపోతోంది" అని ఇంకో గరిటెడు పోశారు.